చాడీలు చెప్పే బిళ్ళ

మా కంపెనీ నుంచి మొదటిసారి ఒక యంత్రం విమానమెక్కి జర్మనీ వెళ్ళాల్సి వచ్చినప్పుడు, దాన్ని పంపించే పని నా నెత్తిన పడింది. అంతకు ముందు నేను పంపిన వాటిలో అన్నిటికంటే దూరం వెళ్ళింది బెంగళూరుకు. అది కూడా కారు వెనక సీట్లో, సీటు బెల్టు పెట్టుకుని వెళ్ళింది. పక్కన మా ఇంజనీరు మేడం కూర్చుని దారంతా దాని మీద ఒక చెయ్యి వేసే ఉంచింది. దాన్ని పంపించడం అనకూడదు, సాగనంపడం అనాలి.

మాది ఇబ్రహీంపట్నం దాటాక మంచాల రోడ్డు మీద ఒక షెడ్డు. అంతా కలిపి ఇరవై మందిమి. విమానాల్లో పెట్టే ఎలక్ట్రానిక్ పరికరాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించే యంత్రాలు తయారు చేస్తాం. తయారు చేస్తాం అంటే వాళ్ళు చేస్తారు, నేను స్టోర్స్‌లో చేరి, మెల్లగా డిస్పాచ్‌లో తేలాను. జర్మనీ వెళ్ళాల్సిన యంత్రం చిన్న ఫ్రిజ్ అంత ఉంటుంది. దాని ధర ఎంతో మేడం ఒకసారి నాకు చెప్పింది. ఆ తర్వాత రెండు రోజులు నేను ఆ గదిలో చాయ్ కప్పు పట్టుకుని నడవలేదు.

మేడం నాకంటే ఐదారేళ్ళు చిన్నది. మనుషులతో మెత్తగానే మాట్లాడుతుంది, యంత్రాన్ని ఎవరైనా ముట్టుకుంటే మాత్రం ఆమె గొంతు మారిపోతుంది. మన ఒంటి మీద మనకు తెలియకుండానే కాస్త కరెంటు ఉంటుందట. చలికాలంలో స్వెటర్ విప్పితే చిటపటలాడేది అదే. ఆ పాటి చిటుక్కుమన్నా లోపలి చిప్పులు చచ్చిపోతాయట. అందుకే దాని దగ్గర పనిచేసే వాళ్ళంతా మణికట్టుకు పట్టీ కట్టుకుని, పట్టీకున్న తీగను టేబులుకు తగిలించుకోవాలి. మొదటిరోజు నన్ను అలా చూసి మా వడ్ల పెద్దాయన, అంటే వడ్రంగి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంది బిడ్డా, గొడ్డును కట్టేసినట్టు కట్టేసిండ్రు నిన్ను?"

ఈ పెద్దాయనది మంచాల. నలభై ఏళ్ళుగా తలుపులు, కిటికీలు చేశాడు. ఇప్పుడు జనం రెడీమేడ్ తలుపులు కొనుక్కుంటున్నారు కాబట్టి మా చుట్టుపక్కల షెడ్లకు చెక్క పెట్టెలు చేసిపెడుతున్నాడు. మా అందరికీ ఆయన పెద్దబాపు. యంత్రానికి పెట్టె ఆయనే చేయాలని నేనే పట్టుబట్టాను.

విదేశాలకు వెళ్ళే చెక్క పెట్టెకు ఒక నియమం ఉంది. కట్టెను బట్టీలో పెట్టి కాచి, లోపల పురుగు గానీ గుడ్డు గానీ బతికి లేదని ముద్ర వేయించాలి. ఆ ముద్ర లేకపోతే అక్కడివాళ్ళు పెట్టెను వెనక్కి పంపుతారు, లేకపోతే కాల్చేస్తారు. ఈ సంగతి చెప్పడం నా తప్పయిపోయింది.

"నా కట్టెల పురుగా?" అన్నాడు పెద్దబాపు. "నేను జేసిన ఒక్క తలుపు జూపెట్టు, పురుగు పట్టింది."

"నీ కట్టె అని కాదు పెద్దబాపు. అందరికీ గదే రూలు."

"అందరి కట్టె, నా కట్టె ఒక్కటేనా?"

సగం రోజు నాతో మాట్లాడలేదు. చివరికి కట్టెతో పాటు తానూ బట్టీకి వెళ్ళి, అది బయటికి వచ్చేదాకా అక్కడే కూర్చుని, సాయంత్రానికి శాంతించి వచ్చాడు. "మంచిగనే జేసిండ్రు. బాలింతకు కాపడం పెట్టినట్టు పెట్టిండ్రు" అన్నాడు. ముద్ర పడ్డ పలక మాత్రం లోపలివైపు పెడతానని పేచీ పెట్టాడు. బయటికే కనబడాలని ఒప్పించేసరికి నాకు తాతలు దిగి వచ్చారు.

యంత్రానికి ముందు గులాబీ రంగు సంచి తొడిగాం. అది కరెంటు అంటనివ్వదు. దాని మీద వెండి రంగు సంచి తొడిగి లోపలి గాలంతా పీల్చేశాం. తేమ పీల్చే గుళికల పొట్లాలు వేశాం. పెద్దబాపు ఒక పొట్లం తీసి వాసన చూశాడు.

"గిదేంది, సోంపా?"

"తినేటిది కాదు పెద్దబాపు. తడి గుంజుతది."

"గిన్ని బట్టలు నా బిడ్డ పెండ్లికి గూడ పెట్టలే" అన్నాడు ఆ సంచుల్ని చూసి.

ఆ తర్వాత స్టిక్కర్లు తీశాను. అగ్గిపెట్టెంత ఉంటుంది ఒక్కొక్కటి, మధ్యలో సన్నటి గాజు గొట్టం. పెట్టెకు గట్టి దెబ్బ తగిలితే ఆ గొట్టం ఎర్రబడుతుంది, ఇక మళ్ళీ తెల్లబడదు. ఒకటి పెట్టె లోపల యంత్రాన్ని బిగించే ఫ్రేముకు, ఒకటి బయట కింది పలకకు అంటించాలి.

"ఎర్రగైతే ఏమైతది?" అని అడిగాడు పెద్దబాపు.

"అక్కడ తీసుకునేటోళ్ళు మమ్ముల అడుగుతరు, దారిల ఎవలు కొట్టిండ్రని."

ఆయన ఆ స్టిక్కర్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంటే గిది చాడీలు చెప్పే బిళ్ళన్నట్టు" అన్నాడు. ఆ రోజు నుంచి మా షెడ్డులో దానికి అదే పేరు. మేడం కూడా "చాడీల బిళ్ళ అంటించారా?" అనే అడిగేది.

ఇక కాగితాలు. కస్టమ్స్ వాళ్ళ ఫారంలో 'వస్తువు ఏమిటి, దేనికి వాడతారు' అని ఒక గడి ఉంది. మేడంను అడిగితే మూడు పేజీలు రాసిచ్చింది. అందులో నాకు అర్థమైన మాటలు 'మరియు', 'లేదా'. గడిలో పట్టేది ఒక్క లైను. ఫారం ముందు పెట్టుకుని నేను తల పట్టుకుంటే, చిత్రిక పడుతున్న పెద్దబాపు పని ఆపకుండానే అడిగాడు.

"ఇంతకు గది ఏం జేస్తది?"

"వేరే మిషన్ల నుంచి వచ్చే సిగ్నళ్ళు ఉంటయి. మస్తు సన్నగ ఉంటయి. గవి పట్టుకొని సక్కగున్నయా లేవా చెప్తది."

"చెవి" అన్నాడు ఆయన.

నేను ఇంగ్లీషులో 'విమాన పరికరాల నుంచి వచ్చే అతి సన్నని సంకేతాలను విని పరీక్షించే యంత్రం' అని రాశాను. మేడం చదివి మొహం కాస్త ముడుచుకుంది. కస్టమ్స్ వాళ్ళు మాత్రం రెండో ప్రశ్న వేయలేదు.

పంపే రోజు పొద్దున్నే డ్రైవరన్న తన డీసీఎం వ్యాను తెచ్చాడు. ఆయనది యాచారం, బండి సొంతానిది. చాలా ఏళ్ళుగా మా సామానంతా ఆయనే తీసుకెళ్తాడు. నన్ను చెల్లె అంటాడు. పెట్టెను బండిలోకి ఎక్కించి, నాలుగు వైపులా బెల్టులు వేసి, ఒక్కొక్కటీ బిగించి, దాని మీద చెయ్యి వేసి ఊపి చూశాడు. పెట్టె కదల్లేదు, బండి కదిలింది.

నేను ముందు సీట్లో కూర్చున్నాను. కూర్చున్నాను అనేది గౌరవం కోసం చెబుతున్నాను, నిజానికి సీటు అంచున వేలాడుతూ అద్దంలోంచి వెనక్కి చూస్తూ ఉన్నాను.

"అన్నా, స్పీడు బ్రేకరు."

"సూసిన చెల్లే."

"అన్నా, గుంత."

"గుంత కాదు, నీడ."

"జర మెల్లగ పోనియ్యే."

"గింతకన్న మెల్లగ పోతే పెట్టె దిగి నడుస్తది."

బొంగ్లూరు దగ్గర రింగు రోడ్డు ఎక్కే ముందు చాయ్‌కి ఆగాం. ఆయన చాయ్ చెప్పడానికి వెళ్ళాడు. నేను వెనక్కి వెళ్ళి బెల్టులు ఒకసారి చూసి వచ్చాను. నేను చాయ్ తాగుతుండగా వెనక నుంచి బస్సు హారన్ కొడితే ఆయన బండిని కాస్త ముందుకు జరిపాడు. అంతే జరిగింది. అక్కడి నుంచి శంషాబాద్ దాకా రోడ్డు అరచేయిలా ఉంది.

ఎయిర్‌పోర్టు కార్గో దగ్గర సామాను తీసుకునే అతను టార్చిలైటు వేసి పెట్టె చుట్టూ తిరిగాడు. కింది పలక దగ్గర వంగి అలాగే ఉండిపోయాడు.

"మేడం, ఇది ఎర్రగుంది."

నేను వంగి చూశాను. గాజు గొట్టంలో ఎర్రటి గీత.

"ఎర్రగున్నదని కాగితం మీద రాసి తీసుకుంటం. పంపమంటరా?" అని అడిగాడు. మా మేడంకు ఫోన్ చేశాను. "వాపస్ తెచ్చేయండి" అని మాత్రం అంది. గట్టిగా తిట్టినా బాగుండేది. యంత్రం ఎక్కాల్సిన విమానం దాన్ని ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది, మేం వచ్చిన దారినే తిరిగి వచ్చాం. దారిలో ఏ గుంతా చూపించలేదు నేను.

షెడ్డులో పెట్టె విప్పారు. ఫ్రేముకు అంటించిన లోపలి స్టిక్కర్ తెల్లగానే ఉంది. మేడం యంత్రాన్ని రెండు రోజులు పరీక్షించింది, దానికి ఏమీ కాలేదు. మూడోరోజు అందర్నీ పిలిచి రెండు స్టిక్కర్లూ టేబులు మీద పక్కపక్కన పెట్టింది.

"పెట్టె మొత్తం ఎగిరిపడితే రెండూ ఎర్రబడేవి. బయటిది ఒక్కటే అయింది. అంటే ఆ పలక దగ్గర ఏదో గట్టిగా తగిలింది."

అందరూ నా వైపు చూశారు. నేను డ్రైవరన్న వైపు చూశాను.

"అన్నా, నేను చాయ్ తాగేటప్పుడు బండి జరిపినవ్ గద. అప్పుడేమన్న తాకిందా?"

"వెనకకు గాదు, ముందలికి జరిపిన. ఏం తాకుతది?"

"మరి పక్కపొంటి కమ్మి గిట్ల తాకిందేమో. నువ్వు సూడలేదేమో."

ఆయన నన్ను కాసేపు చూశాడు. "నేను ఇరవై ఏండ్లసంది తోలుతున్న" అనబోయి ఆగిపోయినట్టు పెదాలు కదిలాయి. చివరికి నాతో "సరే మేడం" అన్నాడు.

చెల్లె పోయి మేడం వచ్చింది. నాకు ఆ క్షణంలో అది వినబడలేదు, సాయంత్రం బస్సులో కూర్చున్నాక వినబడింది. అయినా తప్పు ఆయనదే అని నా మనసుకు నచ్చజెప్పుకున్నాను. నేనంత జాగ్రత్తగా ఉన్నాను కదా మరి.

మళ్ళీ పంపే ముందు దారిని పరీక్షించాలని మేడం నిర్ణయించింది. అదే పెట్టెలో యంత్రానికి బదులు అంతే బరువు ఇటుకలూ ఇసుక సంచులూ పెట్టి, నాలుగు వైపులా కొత్త స్టిక్కర్లు అంటించి, అదే బండిలో అదే దారిన శంషాబాద్ వెళ్ళి రావాలి. నా చేతికి ఒక నోట్‌బుక్కు ఇచ్చింది, ఎక్కడ ఏమైందీ రాయమని. పెద్దబాపు తానూ వస్తానన్నాడు.

"మీరిద్దరు ముంగట కూసోండ్రి. నా పెట్టెను నేను సూసుకుంట." అలా అని బండి వెనక ఎక్కి, పెట్టె పక్కన ఇసుక సంచి మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

ఇబ్రహీంపట్నం బస్టాండు దాటేదాకా ముందు సీట్లో ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. స్పీడు బ్రేకర్లు వచ్చాయి, పోయాయి. ప్రతి దాని తర్వాతా వెనక నుంచి పెద్దబాపు గట్టిగా అరిచేవాడు, "తెల్లగనే ఉన్నది!" నేను నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆ అరుపు విని, బండి వెనక ఏముందా అని తొంగి చూసేవాళ్ళు.

బొంగ్లూరు దగ్గర మళ్ళీ ఆగాం. డ్రైవరన్న చాయ్ తేవడానికి వెళ్ళాడు. నేను దిగి వెనక్కి వెళ్ళాను. బెల్టు ఒకటి కాస్త వదులైనట్టు అనిపించింది. వదులు చేసి మళ్ళీ బిగిద్దామని లివర్ ఎత్తాను. బిగుసుకుని ఉన్న బెల్టు ఒక్కసారిగా జారింది, దాని చివరి ఇనుప కొక్కెం ఎగిరి వచ్చి కింది పలకకు ఠప్పున తగిలింది. నేను ఏమీ కానట్టు కొక్కెం మళ్ళీ తగిలించి, లివర్ బిగించి, చేతులు దులుపుకున్నాను.

పెద్దబాపు పలక వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"బిడ్డా, గిట్ల రా."

వంగి చూశాను. ఎర్రటి గీత.

"పోయినసారి గూడ గిట్లనే సూసినవా బెల్టు?" అని అడిగాడు, చాలా మెల్లగా.

చూశాను. ఇదే చోట, ఇదే బెల్టు. అప్పుడు కూడా కొక్కెం జారింది. చెక్క మీద ఇనుము తగిలిన చప్పుడు నాకు ఇప్పుడు స్పష్టంగా గుర్తొచ్చింది. అప్పుడు అది నాకు చప్పుడులా అనిపించలేదు, జాగ్రత్తలా అనిపించింది. నోట్‌బుక్కు చేతిలోనే ఉంది, అందులో ఏం రాయాలో తెలియలేదు.

డ్రైవరన్న మూడు చాయ్‌లు పట్టుకుని వస్తున్నాడు. పెద్దబాపు నెమ్మదిగా జరిగి, తన మోకాలు ఆ స్టిక్కర్‌కు అడ్డం వచ్చేలా కూర్చున్నాడు.

"బిళ్ళ చాడీ చెప్పింది" అన్నాడు నాకు మాత్రమే వినబడేలా. "నేను జెప్ప. నువ్వు జెప్తవో లేదో నీ ఇష్టం."

"పెద్దబాపూ, ఎట్లుంది?" అని అడిగాడు డ్రైవరన్న కప్పు అందిస్తూ.

"చాయా? మస్తుంది" అన్నాడు పెద్దబాపు.

బండి రింగు రోడ్డు ఎక్కింది. వెనక నుంచి ఇక 'తెల్లగనే ఉన్నది' అనే అరుపు లేదు. డ్రైవరన్న రెండుసార్లు అద్దంలోకి చూశాడు. ఆదిభట్ల వైపు పోయే దారి దాటాం, తుక్కుగూడ దాటాం. చెప్పడానికి మంచి చోటు వస్తుందేమో అని ఎదురుచూశాను. రింగు రోడ్డు మీద అలాంటి చోట్లు ఉండవు, అన్నీ ఒకలాగే ఉంటాయి.

"అన్నా" అన్నాను చివరికి, "గది నేనే."

"ఏది?"

చెప్పాను. బెల్టు, లివర్, కొక్కెం, రెండుసార్లు, అంతా చెప్పాను. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. శంషాబాద్ దగ్గర కిందికి దిగాక బండిని పక్కకు ఆపాడు.

"ఆ దినం సంది నాకు అన్నం సక్కగ పోతలేదు" అన్నాడు. "మలుపు మలుపు యాది జేసుకున్న. ఏడ తాకిచ్చిన, ఏడ తాకిచ్చిన అని. కండ్లు గిట్ల మసకవడ్డయేమో అని నిన్న దవాఖానల సూపెట్టుకున్న."

నేను నోట్‌బుక్కు మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"తప్పయింది అన్నా."

"కండ్లు మంచిగనే ఉన్నయన్నరు" అన్నాడు ఆయన. మళ్ళీ బండి స్టార్ట్ చేస్తూ, "షెడ్డుల గూడ జెప్తవా?"

"చెప్త."

"నేనున్నప్పుడు జెప్పు."

ఆయనున్నప్పుడే చెప్పాను. అందరినీ పిలిచి, టేబులు దగ్గర నిలబడి, డ్రైవరన్నది ఏ తప్పూ లేదని, నాదేనని, ఆయన్ని అనుమానించడం అంతకన్నా పెద్ద తప్పని చెప్పాను. మేడం కళ్ళజోడు పైకి జరుపుకుని చాలా సీరియస్‌గా అడిగింది.

"ఇంతకూ ఆ బెల్టు వదులుగా ఉండిందా?"

"లేదు మేడం."

ముందు నవ్వింది డ్రైవరన్న. ఆ తర్వాత అందరూ నవ్వారు. వాళ్ళు ఇంకా ఎంతసేపు నవ్వుతారా అని చూస్తూ నేను అలాగే నిలబడ్డాను. చాలాసేపే నవ్వారు.

మేడం ఆ సాయంత్రమే రిజిస్టర్‌లో కొత్త నియమం రాసింది. డ్రైవరు కట్టిన బెల్టును దించేదాకా ఎవరూ ముట్టుకోరాదు. 'ఎవరూ' కింద రెండు గీతలు గీసింది. పెద్దబాపు కొక్కేలన్నిటికీ పాత దుప్పటి ముక్కలు చుట్టాడు, పలకకు కొత్త స్టిక్కర్ అంటించాక దాని పైన వేలెడంత చెక్కతో చిన్న చూరు కొట్టాడు. యంత్రానికి మళ్ళీ రెండు సంచులూ తొడిగి, పెట్టెలో పెట్టి, ఆ తర్వాతి వారం విమానంలో చోటు సంపాదించాం.

రెండోసారి బయల్దేరేటప్పుడు డ్రైవరన్న నా వైపు తలుపు తానే తెరిచాడు.

"ఎక్కు చెల్లే. చేతులు కట్టుకొని కూసో. బడిల కూసున్నట్టు."

శంషాబాద్ దాకా అలాగే కూర్చున్నాను. చాయ్‌కి ఆగినప్పుడు కూడా ఆయనే కప్పు తెచ్చి కిటికీలోంచి ఇచ్చాడు, నన్ను బండి దిగనివ్వలేదు. కార్గో దగ్గర అదే మనిషి, అదే టార్చిలైటు. కింది పలక దగ్గర వంగాడు, పెద్దబాపు కట్టిన చూరు కింద తల పెట్టి చూశాడు. లేచి, "తెల్లగుంది" అన్నాడు. అంతకన్నా మంచి మాట ఆ నెలలో నాతో ఎవరూ అనలేదు.

ఫోర్కులిఫ్టు పెట్టెను ఎత్తుకుని లోపలికి పోతూ గుమ్మం దగ్గర ఒక చిన్న ఎత్తు ఎక్కింది. నేను కళ్ళు మూసుకున్నాను. బయట గేటు అవతల పెద్దబాపు కాచుకుని ఉన్నాడు, మాతో పాటు బండి వెనక ఎక్కి వచ్చినా ఆయన్ని లోపలికి రానివ్వలేదు.

"మెల్లగ తీస్కపోయిండ్రా?"

"మస్తు మెల్లగ" అన్నాను. ఆ అబద్ధానికి నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

ఆ వారాంతానికి జర్మనీ నుంచి మెయిల్ వచ్చింది, ఫోటోలతో సహా. రెండు స్టిక్కర్లూ తెల్లగా ఉన్నాయి. యంత్రం మొదటిసారి స్విచ్ వేయగానే పనిచేసింది. మేడం ఆ మెయిల్‌ను నాలుగుసార్లు చదివి, బయటికి వెళ్ళి కాసేపు ఒక్కతే నిలబడి వచ్చింది. మెయిల్ చివర వాళ్ళు ఇంకో మాట అడిగారు. పెట్టె చాలా బాగుందని, పారేయడానికి మనసొప్పడం లేదని, తమ పనిముట్లు పెట్టుకోవడానికి ఉంచుకోవచ్చా అని.

నేను పెద్దబాపుకు చదివి వినిపించాను. ఆయన ఉలిని నూరుతూ విన్నాడు, ఏమంత పట్టనట్టు మొహం పెట్టాడు.

"లోపట పెడ్తరా, బయట పెడ్తరా?"

"లోపటనే, పనిచేసే కాడ."

"అట్లయితే ఉంచుకోమను. మూత స్క్రూలు రోజు విప్పుడు కష్టమైతది. వెనకకు రెండు మడత బందులు పెట్టుకోమని రాయి. మూత పైకి లేస్తది."

రాశాను. పొందికైన ఇంగ్లీషులో, మంచాల వడ్ల పెద్దాయన సలహా అని చెప్పి మరీ రాశాను. పది రోజుల తర్వాత వాళ్ళు ఫోటో పంపారు. పెట్టె ఒక తెల్లటి గదిలో గోడవారగా ఉంది, మూతకు మెరిసే మడత బందులు రెండు ఉన్నాయి, పక్కన ఒక పొడుగాటి ఇంజనీరు బొటనవేలు పైకెత్తి నిలబడి ఉన్నాడు.

పెద్దబాపు నా ఫోన్ చేతిలోకి తీసుకుని, వెలుతురులోకి నడిచి, బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"ఉల్టా బిగిచ్చిండ్రు" అన్నాడు.

సరిదిద్దుకోమని మళ్ళీ రాయమన్నాడు. రాశాను.